పొద్దున్నా? సాయంత్రమా?

చాలా పెద్ద అడవి అది. ఈ కొసన నెమలి కూస్తే ఆ కొసన వినిపించదు. దాన్ని ఏలేది ఒక చిరుతపులి. ఏలడమంటే ఆకలేసినప్పుడల్లా వచ్చి ఎవరో ఒకరిని నోట కరుచుకుపోవడం. అంతకు మించి పరిపాలన ఏమీ ఉండేది కాదు.

ఆ అడవిలో సింగారి అనే చుక్కల దుప్పి ఉండేది. పోయిన వానాకాలం చిరుత దాని చెల్లెలిని ఎత్తుకుపోయింది. ఇప్పుడు సింగారికో పిల్ల పుట్టింది. ఆ పిల్లకు ఇంకా కాళ్లు సరిగ్గా నిలవడం లేదు. పాలిచ్చేటప్పుడు కూడా సింగారి చెవులు నాలుగు దిక్కులా తిరుగుతూనే ఉండేవి.

ఒకనాడు వాగు దగ్గర ఉండబట్టలేక అనేసింది. "ఏలేవాడు మన మాట ఒక్కటైనా వినాలా వద్దా? మనకు మాత్రం నోరు లేదా?"

ఆ మాట మందలన్నీ తిరిగి చివరికి చిరుత చెవిన పడింది. చిరుత గుర్రుమంది. పక్కనున్న మంత్రి నక్క మాత్రం నవ్వింది.

"వాళ్లకు కావలసింది ఓటే కదా ప్రభూ, పడేద్దాం! తమరి భోజనం పొద్దున్నా, సాయంత్రమా, వాళ్లనే తేల్చమందాం. వాళ్లలో వాళ్లు తన్నుకుంటారు. తమరి జోలికి రారు."

"మరి నా భోజనం?"

"దానికేం లోటు ప్రభూ? వేళ ఒక్కటే వాళ్లది. భోజనం తమరిదే."

మర్నాడు నక్క బండరాయి ఎక్కి చాటింపు వేసింది. "ఈరోజు నుంచి మీరే ప్రభువులు! పొద్దున అనేవాళ్లు ఈ గుంటలో, సాయంత్రం అనేవాళ్లు ఆ గుంటలో తలా ఒక ఉసిరికాయ వెయ్యండి. మీ తీర్పును ఏలినవారు తలదాలుస్తారు."

చెట్టు మీది కొండముచ్చు అడిగింది. "అసలు రావద్దు అనేవాళ్లకు గుంటేదండీ?"

"అది విధాన నిర్ణయం నాయనా. అలాంటివి గుంటల్లో తేలవు" అంది నక్క.

కొండముచ్చు తల గోక్కుంది. మిగతా జంతువులు దాన్ని కసురుకున్నాయి. రాకరాక స్వేచ్ఛ వస్తే మధ్యలో వీడి అడ్డుపుల్ల ఏమిటని.

సింగారికి సాయంత్రమే కావాలి. పిల్ల పొద్దున్నే పాలు తాగి గడ్డిలో తడబడుతూ తిరుగుతుంది మరి. అడవిపంది గుజ్జన్నకు పొద్దునే కావాలి. పందులు దుంపలు తవ్వుకోవడానికి బయటికొచ్చేది పొద్దువాలాకే. ఏనాటి నుంచో ఒకే వాగులో నీళ్లు తాగుతున్న ఈ ఇద్దరూ నలుగురిలో నోరు పారేసుకున్నారు.

"నీ దుంపల కోసం నా పిల్లను బలిపెట్టమంటావా అన్నా?"

"నీ పిల్లే పిల్లా? నా పిల్లలు గులకరాళ్లా?"

ఆ రోజు నుంచి దుప్పులు పై రేవులో, పందులు కింది రేవులో నీళ్లు తాగాయి. చిరుత పేరు ఎత్తినవాళ్లు లేరు.

ఓట్లు పడ్డాయి. సాయంత్రం గెలిచింది. దుప్పులు ఆకాశమంత ఎత్తు ఎగిరాయి. "మన మాట నెగ్గింది!" అని సింగారి పిల్లను నాకి నాకి ముద్దుచేసింది. పొరుగడవుల పులులు కూడా ఎంత ఉదారమైన ఏలిక అని చిరుతకు కబురంపాయి.

ఆ సాయంత్రమే చిరుత వచ్చి గుజ్జన్న తమ్ముడిని పట్టుకుపోయింది.

ఆ కేక సింగారికి వినిపించింది. సాయంత్రం గుంటలో తాను వేసిన ఉసిరికాయ గుర్తొచ్చింది. తెల్లారాక పిల్లను వెంటబెట్టుకుని కింది రేవుకు వెళ్లింది.

గుజ్జన్న తల ఎత్తలేదు. "గెలిచావుగా, పండగ చేసుకో పో."

"గెలిచింది నేను కాదన్నా, చిరుత" అంది సింగారి. "నువ్వు నెగ్గినా వాడే గెలిచేవాడు. అప్పుడు నా పిల్ల పోయేది."

గుజ్జన్న మూతితో మట్టి గీరింది. సింగారి ఇంకో అడుగు ముందుకేసింది.

"కానీ ఒక్క సంగతి. ఇదివరకు వాడు ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. రోజంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికేవాళ్లం. ఇప్పుడు తెలుసు. ఆ కాసేపూ మనమంతా ఒకచోట ఉంటేనో?"

గుజ్జన్న అప్పుడు తలెత్తింది.

ఆ సాయంత్రం చిరుత వచ్చేసరికి వాగు పక్క మైదానంలో పందులు కోరలు బయటికి పెట్టి వలయంగా నిలబడి ఉన్నాయి. సందుల్లో ముళ్లపందులు. వాటి వెనక దుప్పులు. మధ్యలో పిల్లలు. చిరుత ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. ముందుకు దూకబోతే గుజ్జన్న కోర భుజాన్ని గీరింది. చిరుత కుంటుకుంటూ వెనక్కి పోయింది.

మర్నాడూ అంతే. ఆకలికి ఆగలేక ఆ మర్నాడు పొద్దున్నే చిరుత పొదల్లో దాక్కుంది. కొండముచ్చు చూడనే చూసింది. "తీర్పు! ప్రజాతీర్పు!" అని కొమ్మలు ఊపుతూ అరిచింది. అడవి అడవంతా అందుకుంది. అంత గోలలో ఏ చిరుతకైనా వేట దొరుకుతుందా?

ఆ తర్వాత ఒక పొద్దున సింగారి ఇప్పచెట్టు కింద నిబ్బరంగా మేస్తోంది. అల్లంత దూరంలో చిరుత, నక్క మాట్లాడుకోవడం వినిపించింది. చిరుత డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

"తొందరపడకండి ప్రభూ, మళ్లీ ఎన్నిక పెడదాం" అంటోంది నక్క.

"పెడుదువులే. ఈ పొద్దున్నే ఎవరినన్నా తింటే ఏమవుతుంది?"

"పరువు పోతుంది ప్రభూ. తీర్పు ఇచ్చినవాళ్లను పొద్దున ముట్టుకోకూడదు."

"ఓటేసినవాళ్లను కదా?"

"అవును ప్రభూ."

"నువ్వు వేశావా?"

నక్క ఛాతీ విరుచుకుంది. "లేదు ప్రభూ! ఎన్నిక జరిపించే అధికారిని. ఒక పక్షానికి ఓటేస్తే లోకం ఏమనుకుం..."

మాట సగంలో ఆగిపోయింది. తర్వాత సింగారికి కనిపించింది వాగు దాటుతున్న తోక ఒక్కటే. వెనకే చిరుత.

ఆ సాయంత్రం చిరుత వేటకు రాలేదు.

"చూశావా చెల్లెమ్మా, మన ఓటు పనిచేసింది!" అని గుజ్జన్న మురిసిపోయింది.

సింగారి కాదనలేదు. అయినా పిల్లను వలయం మధ్యలోకి తోసి, వెళ్లి తన చోట నిలబడింది.

నీతి: ఎన్నికలు జరిపించే పెద్దలు ఎంత తీరిక లేకపోయినా తమ ఓటు తాము వేసుకోవాలి.