అద్దె ఇంటికి వెళ్ళిన అలారం

ఆ మంగళవారం పొద్దున క్లిఫర్డ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొయ్యిలోని గ్రిల్ మంట కింద సాసేజీలు పెట్టడం, అవి వేగేలోపు పక్కింటికి వెళ్ళి అంతా సవ్యంగా ఉందో లేదో చూసి రావడం, వచ్చి తినడం. బయట ఇంగ్లండులోని లాంకషైర్ వాన ఎప్పటిలాగే విసుగు లేకుండా కురుస్తోంది.

పక్కిల్లూ అతనిదే, తల్లి పోతూ అతనికి వదిలివెళ్ళింది. డెబ్భై దాటిన డోరీన్ అందులో అద్దెకు ఉంటోంది. ఈ ఏడాది నుంచి ఆ వీధిలో ఇల్లు అద్దెకిచ్చే ప్రతివాడూ ఊరి కౌన్సిల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. తనిఖీ ఆ ఉదయమే. లైసెన్సు రాకపోతే జరిమానాకే ఇల్లు అమ్ముకోవాలి, డోరీన్ ఇంకో గూడు వెతుక్కోవాలి. భార్య ఈనిడ్ పోయాక క్లిఫర్డ్‌తో రోజూ నాలుగు మాటలు మాట్లాడే మనిషి డోరీన్ ఒక్కతే. ఆ భయంతో అతనికి రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

పక్కింటి నడవలోకి వెళ్ళి కప్పు వంక చూశాడు. లైసెన్సుకి తప్పనిసరైన పొగ అలారం ఉండాల్సిన చోట రెండు కన్నాలు మిగిలాయి.

"డోరీన్ గారూ, అలారం ఏదండీ?"

"అదా? టోస్టు కాల్చినప్పుడల్లా ఒకటే గోల నాయనా. ఊడదీసి దుప్పట్లో చుట్టా, ఊరుకోలేదు. షెడ్డులో పెట్టా, ఊరుకోలేదు. చివరికి బక్కెట్టు నీళ్ళలో పడేశా. అప్పట్నుంచీ బుద్ధిగా ఉంది."

"నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ!"

"నిన్నెందుకులే ఇబ్బంది పెట్టడం అని."

కొత్తది కొందామంటే కొట్లో సరుకు ఎప్పుడో అయిపోయింది. వీధిలో ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళందరికీ ఒకేసారి బుద్ధొచ్చింది మరి. క్లిఫర్డ్ ఇంటికి పరుగెత్తి, కుర్చీ ఎక్కి, తన నడవలోని అలారాన్ని ఊడబెరికాడు. సొంతింట్లో ఉండేవాడికి అలారం ఉందా లేదా అని ఏ కౌన్సిలూ అడగదు. సాసేజీలు అప్పుడే రంగు తిరుగుతున్నాయి. బిగించి వచ్చేద్దాంలే అనుకున్నాడు.

పక్కింటి నడవలో ఆఖరి మర తిప్పుతుండగా తలుపు చప్పుడైంది. కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ ఇన్స్‌కిప్ చెప్పిన టైము కంటే ముందే వచ్చాడు. జీవితంలో ఎవరినీ నమ్మని ముఖం ఆయనది. కిటికీలు తెరిచాడు, ప్లగ్గులు చూశాడు, అలారం మీది మీట నొక్కాడు. అది కెవ్వుమంది.

"మీట నొక్కితే ఏదైనా అరుస్తుందండీ. పొగకి అరుస్తుందా అన్నది పాయింటు. ఆ పరీక్ష సామాను ఇవాళ తేలేదు. మళ్ళీ రావాలి."

"టీ తాగి వెళ్ళండి సార్," అంటూ డోరీన్ కప్పులు పెట్టింది.

క్లిఫర్డ్ లేచాడు. "నేనొక్కసారి ఇంటికెళ్ళి..."

"కూర్చోండి. మిగతా తనిఖీ అయ్యేదాకా యజమాని ఎదురుగా ఉండాలి. లేదంటే రద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పొయ్యి వెలిగించి వదిలేసి వచ్చానని అగ్నిభద్రత చూడ్డానికొచ్చిన మనిషితో ఎలా చెప్పడం? క్లిఫర్డ్ కూర్చున్నాడు. టీ వేడిగా ఉంది, బిస్కట్లు మెత్తబడ్డాయి, కాసేపటికి మాడు వాసన మొదలైంది.

ముసలావిడ టోస్టు మాడ్చిందనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. తడిసిన ఆయన కోటు అలా కంపు కొడుతోందనుకుంది డోరీన్. ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టడం ఇద్దరికీ ఇష్టం లేక, ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు. అసలు సంగతి తెలిసిన క్లిఫర్డ్, అది టోస్టే అయి ఉండాలని దేవుణ్ణి వేడుకున్నాడు.

"కాస్త గాలి రానీ," అని డోరీన్ వెనక తలుపు తెరిచింది. గాలికి బదులు పొగ వచ్చింది. నల్లగా, చిక్కగా, గదంతా నిండిపోయింది. నడవలో అలారం గొంతు చించుకుంది.

ఇన్‌స్పెక్టర్ ముఖం మొదటిసారి వెలిగింది. "ఇదండీ పరీక్షంటే! ఇంకేం కావాలి? మీ ఇల్లు పాస్!" అని దగ్గుతూనే సంతకం గీకేశాడు. అప్పుడు అనుమానమొచ్చింది. "ఇంతకీ ఈ పొగ ఎక్కణ్ణుంచి?"

జవాబు చెప్పడానికి క్లిఫర్డ్ అక్కడ లేడు.

ఫైరింజను వచ్చేసరికి వంటిల్లు, నడవ బుగ్గిపాలయ్యాయి. వంటింటి తలుపు వెనక కొక్కేనికి ఈనిడ్ ఏప్రాన్ ఉండేది. ఆవిడ పోయినా దాన్ని అక్కణ్ణుంచి తీయడానికి అతనికి చేతులు రాలేదు. ఇప్పుడు కొక్కెం కూడా లేదు. క్లిఫర్డ్ వానలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మీ ఇంట్లో అలారం లేదా?" అని అడిగాడు ఫైరాఫీసరు.

పక్కింట్లోంచి అది ఇంకా అరుస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆ అరుపు విన్నాడు, క్లిఫర్డ్ వంక చూశాడు, అర్థమైంది. సంతకం చేసిన కాగితాన్ని కోటు లోపలికి తోశాడు.

"ఇది సొంతిల్లు. నాకు సంబంధం లేదు," అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

డోరీన్ వచ్చి చెయ్యి పట్టుకుంది. "టీ తాగేటప్పుడే నీ మొహం చూశా నాయనా. ఏమైందని అడుగుదామనుకున్నా. ఆయన ముందు నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకున్నా. వెనక గది ఖాళీగానే ఉంది, రా. టోస్టు మాత్రం నేనే కాలుస్తా."

ఆ వారంలోనే లైసెన్సు వచ్చింది. కొట్లోకి అలారాలూ వచ్చాయి. క్లిఫర్డ్ ఒకటి కొని తన ఇంటికి తెచ్చాడు. బిగించడానికి కప్పు లేదు.