సకుటుంబ ఫొటో

ఉపాధ్యాయులు ఇంటినీ బడినీ సమంగా చూసుకోవాలని పై అధికారులు తీర్మానించినందుకు ముందుగా ధన్యవాదాలు. ఆ చూసుకునే పద్ధతి నేర్పేందుకు ఆదివారం పొద్దంతా దబీర్‌పురాలో శిక్షణ పెట్టిన్రు. రానివాళ్లు సంజాయిషీ రాసియ్యాలె.

ఆ ఆదివారమే మా బిడ్డ మాన్య చదివే బడిలో వార్షికోత్సవం. నేను లాల్‌దర్వాజా సర్కారు బడిలో పాఠాలు చెప్పే రామానుజం సారును. చదువు విలువ తెలిసినవాణ్ణి కనుక నా బిడ్డను మలక్‌పేటలో ప్రైవేటు బడికి పంపుతున్న. దించి తెచ్చేది ఆటో మున్నా భాయ్. పిల్లలు తమ నాన్నలతో స్టేజీ ఎక్కి పాడే పాట ఒకటున్నది. పోయినేడు ఎన్నికల డ్యూటీ, అంతకుముందు సర్వే డ్యూటీ అని ఎగ్గొట్టిన.

"ఈసారి రాకుంటే నీతోని మాట్లాడ" అన్నది మాన్య.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, పక్కా వస్త" అన్న. మాటిచ్చుడు నాకు మంచిగ అలవాటు.

శిక్షణలో పెద్దసారు ఉపన్యాసం దంచిండు. "కుటుంబమే తొలి బడి! ఇంటిని మరిచినోడు టీచరే కాదు! మధ్యల ఎవరన్నా ఇంటికి పోతే మెమో ఇస్త!" అందరం చప్పట్లు కొట్టినం. నేను కొంచెం గట్టిగనే కొట్టిన.

భోజనాలయినంక ఇంకో ఆదేశం. ప్రతి టీచరు కనీసం ఒక సంతానంతో నవ్వుతూ ఫొటో దిగి, సాయంత్రంలోగా యాప్‌లో పెట్టాలె. పిల్లలు ఇండ్లల్ల ఉన్నరని ఎవరో అనబోతే "సాకులొద్దు" అన్నడు. మాకు ఇదొక లెక్కా! తనిఖీ వస్తుందంటే పక్క బడి పిల్లలను తెచ్చి మా బెంచీల మీద కూసోబెట్టే పంతుళ్లం. ఆ రోజు వంటకొచ్చిన స్వరూప వెంట ఆమె బిడ్డ నందు ఉన్నది.

"ఏంది సార్, నా బిడ్డను గిట్ల అందరికీ పంచుతున్నరు?" అని స్వరూప నవ్వింది. చూస్తుండంగనే నందు సగం హాలుకు కూతురయింది. ఫొటో ఫొటోకు చున్నీ మార్చే బాధ్యత మా తోటి పంతులు సామ్యూల్ సారు తీసుకున్నడు.

అక్కడ మాన్య బడిలో పాట టైము దాటిపోతున్నది. అబద్ధమెందుకు, నాకు ఏడుపొచ్చింది. అదే మొహంతో నవ్వి, నందు భుజం మీద చెయ్యేసి దిగిన. ఆదర్శ తండ్రి ప్రశంసాపత్రం ఆ ఫొటోకే ఇచ్చిన్రు.

భయపడుకుంట ఇంటికి పోతే లొల్లి లేదు, అలక లేదు. మాన్య మస్తు ఖుషీగ తన ఫొటో చూపెట్టింది. స్టేజీ మీద దాని చెయ్యి పట్టుకొని మున్నా భాయ్ పాడుతున్నడు. ఒంటి మీద నా చొక్కా.

"ఎవరో ఒక డాడీ ఉండాలన్నది మా మిస్. మున్నా అంకుల్ మంచిగ పాడిండు నాన్నా. టైముకు కూడ వచ్చిండు."

"చొక్కా ఇస్త్రీ చేసి నేనే ఇచ్చిన" అన్నది మా ఆవిడ గోదా, నా దిక్కు చూడకుండ.

రెండు ఫొటోలకూ ఫ్రేములు కట్టించి ముందరి గదిలో పెట్టినం. మొన్న మీరు మా ఇంటికొచ్చి చాయ్ తాగుకుంట చూసి "ముచ్చటగున్నది సార్ మీ కుటుంబం" అని మెచ్చుకున్నరు. ఒక్కదాంట్ల కూడ నేనూ నా బిడ్డా కలిసి లేమని మీ కంట పడలే. బెంచీలు నిండిన మా బడి ఫొటోలు కూడ మీరు గట్లనే చూస్తరు. అదే మాకు ధైర్యం.