మామగారి గిటారులో గుర్రు

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దలు. ఇందులో రెండోది మన అల్లుడికి దేవుడు అడక్కుండానే ప్రసాదించాడు. మొదటిది మాత్రం ఎన్ని జన్మలెత్తినా అబ్బేలా లేదు. ఆ శనివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టకముందే లేచి, ముందు గదిలో బల్ల మీది సామానంతా మంచం మీదికి నెట్టి, దాని మీద మామగారి గిటారును వెల్లకిలా పడుకోబెట్టాడు.

ఆ సాయంత్రం మామగారు నీటి సరఫరా ఆఫీసులో పదవీ విరమణ చేస్తున్నారు. ఆఫీసులో ఏ వేడుక జరిగినా ఆయన గిటారు వాయించడం ఆనవాయితీ. ఇవాళ ఆఖరుసారి వాయిస్తారు. అది స్కూటరు మీద పట్టదు కనుక, కారున్న కూతురింటికి ముందురోజే చేర్పించారు. పెద్ద పొట్ట, లోపలంతా బోలు, పొట్ట మీద వంకర తిరిగిన రెండు సన్నటి రంధ్రాలు. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. కానీ స్పీకరుకు తగిలించగానే గుర్రుమంటుంది. మామగారు మొదలుపెట్టడం ఆలస్యం, పక్కన కీబోర్డు వాయించే గుమాస్తా వంగి, "గుర్రు వస్తోంది సార్, కాస్త తగ్గించండి" అంటాడు. ఆయన తగ్గిస్తారు. "ఇంకాస్త సార్." ఇంకాస్త తగ్గిస్తారు. పల్లవి దాటేసరికి మామగారి వేళ్ళు కదులుతుంటాయి, మొహం పరవశిస్తుంటుంది, చప్పుడు మాత్రం ఉండదు. ఇంట్లో వాయిద్దామంటే అత్తగారు సరిగ్గా అప్పుడే టీవీ పెంచుతారు.

ఇది చూసి అల్లుడి కడుపు తరుక్కుపోయేది. ఆఖరి రోజైనా పెద్దాయన పాట అందరికీ వినపడాలి. పైకి చెప్పని కారణం ఇంకొకటుంది. మామగారు అతన్ని ఎవరికి పరిచయం చేసినా, "మా అల్లుడు బంగారం. స్క్రూడ్రైవరొక్కటీ చేతికివ్వకండి" అనేవారు. ఫొటో తగిలించబోయి గోడలోని నీళ్ళ గొట్టానికి కన్నం పెట్టిన నాటి నుంచీ ఇదే మాట. అదీ నీటి సరఫరా ఆఫీసరు ఇంట్లో! ఆ నోటితో ఒక్కసారి 'భేష్' అనిపించుకోకపోతే అల్లుడికి అన్నం సయించేలా లేదు.

అందుకే గుర్రుమనని కొత్త పికప్పులు కొనుక్కొచ్చాడు. తీగెల కింద ఉండి వాటి కదలికను స్పీకరుకు అందించే పెట్టెలవి. వాటితో పాటు కొత్త వైర్లు, కొత్త వాల్యూమ్ మరలు కూడా.

"దాన్ని బాగుచెయ్యమని మిమ్మల్నెవరడిగారండీ?" అంది భార్య గుమ్మంలోంచి.

"ఒకరు అడగాలా? మీ నాన్నగారు వాయిస్తే నలుగురికీ వినపడద్దూ?"

"వినపడట్లేదని ఆ నలుగురిలో ఎవరేడ్చారు? అసలు సంగతేంటంటే..."

అంతలో కాలరు బిగుతైందంటూ ఎవరో కేకేశారు. వీధివైపు గదిలో ఆవిడ కుట్టుపని చేస్తుంది. అసలు సంగతి అక్కడితో ఆగిపోయింది.

ఈ రకం గిటారుకు వెనకాల మూత ఉండదు. ఏది తీసినా, ఏది పెట్టినా ఆ సన్నటి రంధ్రం గుండానే. షాపతను ఉపాయం చెప్పాడు. ప్రతి మరకూ ఒక దారం కట్టి, ఆ దారం కొసను దాని స్థానంలోంచి పైకి లాగి ఉంచాలి. మరను రంధ్రంలోంచి లోపలికి దించి దారం లాగితే, అదే నడుచుకుంటూ వచ్చి చోటులో కూర్చుంటుంది. అల్లుడు భార్య డబ్బాలోంచి ఎర్రదారం తీసి కట్టాడు. రెండుసార్లు వేళ్ళు కాల్చుకుని వైర్లు అతికించాడు. అన్నిటినీ లోపలికి దించాడు. దారాలు ఒద్దికగా పైకి వేలాడుతున్నాయి. ఇక లాగడమే తరువాయి.

ఫోను మోగింది. అల్లుడిది లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం. లిఫ్టు ఆగిపోయి లోపల ఇరుక్కున్నవాళ్ళకు ఫోనులో "కంగారు పడకండి" అని చెప్పడమే పని. పడాల్సిన కంగారంతా ఇంటికి తెచ్చుకుని పడుతుంటాడు.

"సెలవని తెలుసు సార్. లిఫ్టులో ఇరుక్కున్నాయన మీతో తప్ప మాట్లాడనంటున్నాడు" అన్నారు ఆఫీసులో.

అల్లుడు బాల్కనీలోకి వెళ్ళి, కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, ఎవరినో కంగారు పడవద్దని బతిమాలాడు. ఈలోగా భార్య చేతిలో కత్తెరతో ఆ గదిలోంచి వెళుతోంది. ఆవిడకొక అలవాటుంది. ఎక్కడ దారం వేలాడినా చేయి ఊరుకోదు. ఓసారి బస్సులో ముందు సీటు పెద్దమనిషి చొక్కా దారం కత్తిరించి ఆయనతో చీవాట్లు కూడా తింది. గిటారు మీద ఎర్రటి దారాలు కనపడ్డాయి. "ఛ, ఎంత అసహ్యంగా ఉన్నాయో" అనుకుంటూ అన్నిటినీ మొదలంటా కత్తిరించి వెళ్ళిపోయింది.

"దారాలేవే?" అల్లుడి కేక వీధిదాకా వినపడింది.

"కత్తిరించాను. వేలాడుతుంటేనూ!"

అల్లుడు గిటారును మెల్లగా ఎత్తాడు. లోపల గలగలమంది. షాపతనికి ఫోను చేశాడు.

మామగారి కోటు కూతురి దగ్గర ఇస్త్రీ చేయిద్దామని అత్తగారు వచ్చింది సరిగ్గా అప్పుడే. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి అల్లుడి గొంతు వినిపించింది.

"పొట్టలో పడిపోయాయండీ... తలకిందులు చేసి ఊపాను కూడా. గలగలమంటోంది గానీ ఒక్కటీ బయటికి రావట్లేదు... అమ్మో, కొయ్యమంటారా? కోస్తే మా మామగారు నన్ను కోస్తారు!"

ఇంట్లో మూడేళ్ళ మనవరాలుంది. అత్తగారు ఇంకేమీ వినదలచుకోలేదు. ఒక చెప్పుతోనే మెట్లు దిగి, కింది వాటాలోని పిల్లల డాక్టరు తలుపు బాదారు. దారిలోనే మంగలి షాపులో ఉన్న భర్తకు ఫోను చేసి, "పాప ఏవో మింగేసిందండీ, అల్లుడు తలకిందులు చేసి ఊపుతున్నాడు!" అని బావురుమన్నారు.

డాక్టరు సంచీ పుచ్చుకుని పరుగున వచ్చాడు. హాయిగా నిద్రపోతున్న పాపను లేపి పొట్ట నొక్కాడు. పాప ఆరున్నొక్క రాగం అందుకుంది.

"బిడ్డను తలకిందులు చేసి ఊపిందెవరు?" డాక్టరు గర్జించాడు.

"నేనేనండీ. కానీ పాపను కాదు" అంటూ అల్లుడు బల్లవైపు చెయ్యి చూపించాడు. ఆ చేతిలోనే స్క్రూడ్రైవరుంది.

జరిగింది విని డాక్టరు ముందు మండిపడ్డాడు. సంచీ సర్దుకుని గుమ్మందాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, "ఏదీ, ఎంత లోపలుందీ?" అంటూ వెనక్కొచ్చాడు. టార్చి వెలిగించి, పొడుగాటి వంకర పట్టకారు రంధ్రంలోకి పోనిచ్చాడు. "పిల్లల ముక్కుల్లోంచి పూసలు తీసే చెయ్యండీ ఇది. పైగా ఈ పేషెంటు ఏడవదు." ఒక్కొక్క మరా వచ్చి తన చోటులో కూర్చుంది. అల్లుడు బిగించాడు, తీగెలు తగిలించి శ్రుతి చేశాడు, స్పీకరు పెట్టాడు. నిశ్శబ్దం. ఒక తీగె మీటితే గంట కొట్టినట్టు ఖంగుమంది. అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ.

"గుర్రు ఏదీ?" అన్నారు అత్తగారు.

"పోయిందత్తయ్యా!"

"ఇవాళ్టికా?"

"ఈ జన్మకి!"

అత్తగారి కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలనుకున్నాడు అల్లుడు.

"బాబూ, మీకో మాట చెప్పాలి..." అని ఆవిడ మొదలుపెట్టేలోగా తలుపు దభాలున తెరుచుకుంది. ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బు నురగతో మామగారు.

"నా మనవరాలేదీ?"

"వచ్చేశాయండీ, అన్నీ బయటికొచ్చేశాయి. గండం గడిచింది" అన్నాడు డాక్టరు తడుముకోకుండా.

మామగారు పాపను గుండెకు హత్తుకున్నారు. పాప మొహమంతా నురగైంది. అప్పుడు ఆయన చూపు అల్లుడి చేతి మీద పడింది. "ఆ స్క్రూడ్రైవరెందుకు నీ చేతిలో?"

"అది నాదేనండీ" అన్నాడు డాక్టరు.

మామగారు పాపను ఎత్తుకుని రెండడుగులు వెనక్కి వేశారు. ఆ డాక్టరు ఉన్నంతసేపూ పాపను కిందికి దించలేదు.

సాయంత్రం ఆఫీసు హాలు కిటకిటలాడింది. ఉపన్యాసాలయ్యాక మామగారు గిటారు భుజాన వేసుకుని మీటారు. కీబోర్డు గుమాస్తా అలవాటుగా వంగి, "గుర్రు వస్తోం..." అనబోయి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. గుర్రు రాలేదు. పాట వచ్చింది. స్వచ్ఛంగా, తేటతెల్లంగా, హాలులో మూలమూలకీ వినపడేలా వచ్చింది. ఒక వేలు వెళ్ళాల్సిన చోటికి ఇంకో వేలు వెళ్ళింది. తాళం ఒక దారినా, ఆయన ఒక దారినా నడిచారు. తప్పిన ప్రతి స్వరమూ విడివిడిగా, ముద్దుగా చెవిలో పడింది. పై అధికారి నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండా దాని వెనక మొహం దాచుకున్నాడు.

"వినపడుతోందాండీ? సంతోషమేనా?" అంది భార్య మెల్లగా.

అప్పుడు అర్థమైంది అల్లుడికి, పొద్దున్నుంచీ ఎవరూ పూర్తిచెయ్యలేకపోయిన ఆ మాట. గుర్రు గిటారు జబ్బు కాదు. అది ఈ హాలంతా కలిసి ఇన్నేళ్ళూ కాపాడుకుంటూ వచ్చిన సాకు. భూమి చీలితే బాగుండుననిపించింది. తన పంతం కోసం పెద్దాయన పరువు ఆఖరి రోజున, అందరి ముందూ తీశాడు.

మామగారు సగంలో ఆపేశారు. ఒక తీగె మీటి చూసుకున్నారు. మైకు దగ్గరికి వంగారు.

"ఇది నేనేనా?"

పై అధికారి గ్లాసు ఇంకాస్త పైకెత్తాడు.

"ఇన్నేళ్ళూ మీరంతా ఇదేనా విన్నది?"

"వినలేదు సార్" అన్నాడు గుమాస్తా తలవంచుకుని. "తగ్గించమన్నాం కదా."

మామగారు అతని కీబోర్డు వంకా, తన గిటారు వంకా చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మళ్ళీ నవ్వుతూ, "నా మీద ఇంత ప్రేముందని తెలియదర్రా!" అన్నారు. హాలంతా బిగబట్టిన ఊపిరి వదిలి ఘొల్లుమంది. ఆయన చెయ్యెత్తి ఆపారు. "సరే. దీన్ని బాగుచేసిందెవరు?"

భార్య మోచేత్తో పొడిస్తే అల్లుడు లేచి నిలబడ్డాడు. మామగారు వేదిక దిగి వచ్చి అతన్ని గట్టిగా కావలించుకున్నారు.

"మొహమాటానికి పోకుండా నా వాయిద్యం నాకు వినిపించినవాడివి నువ్వొక్కడివేనోయ్. భేష్!"

అల్లుడి కళ్ళు చెమర్చాయి. జన్మ ధన్యమైందనుకున్నాడు. మామగారు మళ్ళీ మైకు అందుకున్నారు.

"తప్పులు వినపడితేనేగా దిద్దుకునేది! రేపటి నుంచి ఆఫీసు కూడా లేదు. పొద్దున లేచింది మొదలు సాధనే. ఎంత బాగా వినపడుతోందో చూశారుగా!"

చప్పట్లు మారుమోగాయి. ఆయనతో ఒకే ఇంట్లో ఉండనివాళ్ళంతా కొట్టారు.

అత్తగారు అల్లుడితో మళ్ళీ మాట్లాడటానికి నెల పట్టింది, అదీ చెవుల్లోంచి దూది తీశాక.