డప్పులతో కణుజు వేట

ఇప్పచెట్ల కాడ గుడ్డెలుగు కొమురెల్లి ముక్కు ఊడబీకిందని శంకరవ్వ చెప్పిందట. కిష్టవ్వ ఆ సంగతిని గోడ మీది నుంచి పక్కింటి అనసూర్యకు దాటించేసరికి ముక్కుతో పాటు ఒక చెవి కూడా పోయింది. నిజానికి కొమురెల్లి ఎలుగును దూరం నుంచి చూసి, పరుగెత్తి, తుమ్మకంపలో పడ్డాడు. అంతే. ఆ మాట చెప్పడానికి మనిషి ఇంట్లోనే ఉన్నాడు గాని, వెళ్లి అడిగినవాళ్లు లేరు.

అనసూర్య మొగుడు రాజం ఆ ఊరి పోలీసు పటేలు. నిజాం సర్కారు పోయినా ఆయన పటేలుగిరీ పోలేదు, తాతలనాటి భర్మారు తుపాకీ పోలేదు. ఆ పొద్దున ఆ తుపాకిని తుడుచుకుంటూ వేటకు తయారవుతున్నాడు. కూతురి పెళ్లిలో వియ్యంకుడు నాగయ్య ముందు మీసం దువ్వి, "మా ఇంటికొస్తే కణుజు కూర లేంది ముద్ద దిగనియ్య బావా" అన్న పాపానికి, ఆ వియ్యంకుడు ఈరోజే కాగజ్‌నగర్‌లో రైలు దిగి కచ్చురం బండిలో వస్తున్నాడు. కణుజంటే గుర్రమంత ఎత్తు జింక. రాజం ఇంతవరకు దాన్ని కొట్టింది మాటల్లోనే. ఈరోజు ఒట్టి చేతులతో తిరిగొస్తే వియ్యాలవారి ఊళ్లో ఆయన మీసానికి విలువుండదు.

"ఒక్కనివి పోకు. చప్పుడు చేసుకుంట పోతే ఎలుగు పక్కకు జరుగుతదట. మొండయ్యను డప్పు తీస్కొని రమ్మను" అంది అనసూర్య.

పెళ్లయినప్పటి నుంచి భార్య మాట వినడం రాజానికి అదే మొదటిసారి. ఒక డప్పు చెబితే రెండు పిలిపించాడు, ముందొకటి, వెనకొకటి.

అడవి మొదట్లో మొండయ్యకు అనుమానం వచ్చింది. "పటేలా, గీ చప్పుడుకు కణుజు నిలుస్తదా?"

"దానికేం ఎరుక? పెండ్లనుకుంటది."

కణుజు ఏమనుకుందో గాని, ఊరివాళ్లు మాత్రం అలాగే అనుకున్నారు. వియ్యంకుడు వచ్చే సంగతి అందరికీ తెలుసు. అడవి గుండానే పోయే స్టేషను బాటలో డప్పులు, వాటి నడుమ కొత్త రుమాలు చుట్టిన పటేలు! ఇది ఎదురుకోలు కాక మరేమిటి? లస్మవ్వ హారతి పళ్లెం పట్టుకుని వచ్చింది, ఆమె వెనక ఆడవాళ్లు నీళ్ల చెంబులతో, వాళ్ల వెనక మగవాళ్లు ఊరికే. రాజానికి ఎవరినీ వెనక్కి పంపబుద్ధి కాలేదు. మనుషులు పెరిగినకొద్దీ ఆయనకు ధైర్యం పెరిగింది. ఇప్పచెట్లు వచ్చేసరికి చుట్టుపక్కల ఉడుత కూడా మిగలలేదు.

అప్పుడే మలుపులో కచ్చురం కనిపించింది. నాగయ్య దిగి, డప్పులను, హారతిని, జనాన్ని చూశాడు. కొడుకు పెళ్లిలో కూడా ఆయనకు ఇంత మర్యాద జరగలేదు. "నాకింత ఇజ్జతా బావా" అని రాజాన్ని కౌగిలించుకున్నాడు. కణుజు కూర ఊసే ఎత్తలేదు. రాజం మీసం దువ్వి, ఏదో మా తాహతు కొద్దీ అన్నాడు.

అంతటితో పోనిస్తే బాగుండేది. నాగయ్య కన్ను తుపాకి మీద పడింది. అదీ తన మర్యాద కోసమే తెచ్చారనుకున్నాడు. "గది గూడ ఒక్కసారి పేల్చు బావా, మావోళ్లకు చెప్పుకుంట."

రాజం ఆకాశంలోకి పేల్చాడు. ఆకాశానికి ఏమీ కాలేదు. కడుపునిండా ఇప్పపువ్వు తిని కొమ్మ మీద కునుకుతున్న గుడ్డెలుగు డప్పులను ఓర్చుకుంది గాని పేలుడును ఓర్చుకోలేక దబ్బున కచ్చురం పక్కన దిగింది.

ఎద్దులు బండితో సహా స్టేషను వైపు, ఎలుగు వాగు వైపు, జనం ఊరి వైపు పోయారు. అందరికంటే ముందు ఊరు చేరింది రాజం. అందరికంటే వెనక నాగయ్య, ఒక చెప్పు చేతిలో, ఒంటినిండా తుమ్మముళ్లు. అప్పటికే కిష్టవ్వ లెక్కలో ఆయన రెండు చెవులూ పోయాయి.

మధ్యాహ్నం విస్తరిలో శనగపప్పు, పచ్చిపులుసు. వడ్డన సాగుతుండగా రాజం నలుగురూ వినేటట్టు మొదలుపెట్టాడు. కణుజు ఎదురుగానే నిలబడిందట, గురి కూడా కుదిరిందట, వియ్యంకుడు గడప తొక్కే రోజున ఒక ప్రాణం తీయడమెందుకని తానే విడిచిపెట్టాడట.

నాగయ్య మోచేతిలోని ముల్లు పీక్కుంటూ అంతా విన్నాడు.

"కణుజును ఇడిసినవు, మంచిదే బావా. నన్నెందుకు ఇడిసినవు?"