టీ వేళ ఎత్తకూడని బోల్టుల మాట

న్యూకాజిల్‌లోని యంత్రాల షెడ్డుకు ఇంజనీరు ఇమోజెన్ ఆ ఉదయం హుషారుగా వచ్చింది. బొగ్గు జల్లించే యంత్రం కాళ్లను బోల్టులతో చట్రానికి బిగించారు. ఆ అతుకు రాయిలా ఉండదు, స్ప్రింగులా కాస్త ఊగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆమె కంప్యూటర్లో లెక్కగట్టింది. సుత్తితో కొట్టి కొలిస్తే లెక్కా కొలతా కలవాలి. మూడింటికల్లా కలవకపోతే అతుకును వెల్డింగ్ చేయించేస్తానని మేనేజర్ గ్లెండా తేల్చి చెప్పింది. అంటే ఇమోజెన్ ఆరు వారాల కష్టం నీళ్లపాలే.

లెక్కలో సెకనుకు ఇరవై రెండు ఊపులు. కొలతలో పద్దెనిమిది. బిగువు ఎంత తగ్గితే ఊపులూ అంత తగ్గుతాయి.

"అతుకు ఇంత మెత్తగా ఉందేంటి, ఖర్మ!" అని గొణుక్కుని, లెక్కలో స్ప్రింగును మెత్తన చేయడానికి లోపలికి పోయింది.

ఆ మాట మెకానిక్ మెర్వ్ చెవిన పడింది. ముప్పై ఏళ్లుగా బోల్టులు బిగిస్తున్న మనిషి, పౌరుషం పొడుచుకొచ్చింది. పానా తీసుకుని అన్నింటినీ ఇంకాస్త బిగించాడు.

పది గంటలకు ఇద్దరూ టీకి ఎదురెదురుగానే కూర్చున్నారు. కానీ అక్కడ టీ వేళా, భోజనాల వేళా పని మాటెత్తినవాళ్లు మర్నాడు అందరికీ కేకు తేవాలి.

"రాత్రి వాన చూశావా, మెర్వ్?"

"చూడకేం! మా కోళ్లు తడిసి ముద్దయ్యాయి."

టీ అయ్యాక కొలిస్తే ఇరవై మూడు.

"ఇప్పుడు మరీ బిగుసుకుపోయిందే!" అంటూ ఇమోజెన్ మళ్లీ కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది. మెర్వ్ నొచ్చుకుని బోల్టులన్నీ బాగా వదులు చేశాడు. భోజనాల దగ్గర మళ్లీ కోళ్ల కబుర్లే.

రెండున్నరకు పదిహేను వచ్చింది. ఇమోజెన్ సుత్తి పట్టుకుని నేల మీదే కూలబడింది.

"దీనికేదో దెయ్యం పట్టింది, మెర్వ్. నాకీ పని చేతకాదేమో." ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది.

"దెయ్యం కాదు తల్లీ, నేనే. నువ్వు మెత్తనంటే బిగించా, బిగువంటే వదులు చేశా."

"చెప్పొచ్చు కదయ్యా!"

"ఎప్పుడు చెప్పను? నువ్వు దొరికేది టీ దగ్గరేనాయె!"

వెనకే వచ్చిన గ్లెండా అంతా విన్నది. "ఏ సారి ఎంత బిగించావో గుర్తుందా?"

మెర్వ్ చట్రం పక్కకు వేలు చూపించాడు. అలవాటు కొద్దీ, మొదటిదానితో సహా ప్రతి బిగింపునూ అక్కడ సుద్దముక్కతో రాసి పెట్టాడు.

ఇమోజెన్ కళ్లు తుడుచుకుని మూడు బిగువులనూ మూడు కొలతల పక్కన పేర్చింది. ఏ బిగువుకు అతుకు ఎంత ఊగుతుందో తేటతెల్లమైంది. ఉదయం కలవనిది లెక్క కాదు, అందులో వేసుకున్న బిగువు. ఆరు వారాల పని గట్టిదే. మెర్వ్‌ను ఒక్కసారిగా వాటేసుకుంది, పాపం ఆయన చేతిలో పానా ఉన్న సంగతి కూడా చూసుకోకుండా.

వెల్డింగ్ ఆగిపోయింది. "అతుకును మూడు బిగువుల దగ్గర పరీక్షించాలన్నది మొదటినుంచీ మా ఉద్దేశమే" అని గ్లెండా నివేదికలో రాసింది.