బొగ్గు ఓడలో పొత్రం

స్టీలు ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లో త్రినాథరావు పోర్టులో డైవరు. గాలి సిలిండరు వీపున కట్టుకుని సముద్రం అడుగుకి దిగమంటే వెనకాడని ఆ మనిషికి, శనివారం సాయంత్రం వచ్చిందంటే మాత్రం ఎక్కడైనా దాక్కోవాలనిపించేది. కాంతానికి భుజం నొప్పి పట్టుకున్న దగ్గర్నుంచి దోసెలకి పిండి రుబ్బే భాగ్యం మొగుడికే దక్కింది మరి.

అందుకని ఒకరోజు రోట్లో పొత్రం మాయమైంది. అత్తగారు వెంకటరమణమ్మ సారె సామాన్లన్నింటితో పాటు దాని మీద కూడా తన పేరు చెక్కించి పంపిన పొత్రం అది. పక్కింటి తాయారు పట్టుకెళ్లి ఉంటుందని, అడిగి గొడవ పెట్టుకోవద్దని త్రినాథరావే సలహా ఇచ్చాడు. కాంతం అడగలేదు. తాయారుతో మాటలే మానేసింది.

పొత్రం మాత్రం హార్బరు బయట ఎప్పుడో మునిగిన బొగ్గు ఓడలో, బాయిలరు నోట్లో హాయిగా ఉంది. పెట్టింది సాక్షాత్తూ ఆయనే. ఆ ఓడ ఆయనకి సొంతిల్లు లాంటిది. అక్కడికి ఇంకెవడు దిగుతాడని ధీమా.

దిగేవాడు దిగనే దిగాడు. కాంతం తమ్ముడు దొరబాబు కొచ్చిన్‌లో డైవింగు పాసై వచ్చి, మొదటిసారి బావతోనే, అదీ ఆ బొగ్గు ఓడలోకే దిగుతానని కూర్చున్నాడు.

అంత సముద్రం ఉండగా వీడికి ఆ ఓడే ఎందుకు? త్రినాథరావుకి అనుమానం పట్టుకుంది. వంటింట్లో అక్కాతమ్ముళ్లు గుసగుసలాడుకుంటూ, ఆయన్ని చూడగానే వానల సంగతి ఎత్తుకోవడంతో అది కాస్తా ముదిరింది. ఎన్నడూ లేనిది కాంతం గంగాలమ్మకి పసుపు కుంకుమ ఇస్తానంటూ ఫిషింగ్ హార్బరు దాకా వచ్చింది. పైగా, "వాడికి ఓడంతా చూపించండి" అంది. ఆ 'అంతా' అనడంలో ఏదో ఉందని ఆయనకి గట్టిగా తోచింది.

పడవవాడు నూకాలు ఇద్దర్నీ ఓడ మునిగిన చోటికి తీసుకెళ్లాడు. నీళ్లలోకి దిగగానే త్రినాథరావు బామ్మర్దిని ఓడ ముందు భాగంలో నిలబెట్టి, కదలొద్దని సైగ చేసి, తాను బాయిలరు దగ్గరికి జారుకున్నాడు. పొత్రాన్ని వల సంచీలో వేసి నడుముకి కట్టుకున్నాడు. ఓడ అవతలి గోతిలో పారేస్తే పీడ విరగడైపోతుందని ఆయన ఆలోచన.

కంగారులో ఒక్కటే మరిచాడు. తేలిపోకుండా డైవరు నడుముకి ముందే సీసం బెల్టు ఉంటుంది. దానికి పొత్రం తోడయ్యేసరికి మహానుభావుడు ఓడ పక్కన బురదలో కూలబడ్డాడు. లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. ముడి విప్పుదామంటే బిగుసుకుపోయింది.

ఆ తన్నులాటకి లేచిన బురద చూసి దొరబాబు ఈదుకుంటూ వచ్చేశాడు. పొత్రం కనపడకుండా ఆయన సంచీని కడుపుకి కరుచుకున్నాడు. కుర్రాడు పాపం అది చూస్తేగా. ఆపదొస్తే ముందు సీసం బెల్టు ఊడదీయాలని మొన్ననే నేర్చుకున్నాడు. బెల్టు లాగేసి, బావని చంక కింద పట్టుకుని పైకి తెచ్చాడు. బెల్టు అడుగునే ఉండిపోయింది. పొత్రం బావతో పాటు పైకొచ్చింది.

జెట్టీ మీద నూకాలు సంచీ కోశాడు. "ఏటి బాబూ, ఓడ సూడ్డానికెల్లి పొత్రం తెచ్చినారేటి? పేరు కూడా సెక్కుంది. ఎంకటరవణమ్మంట."

కాంతం పొత్రాన్ని చూసింది, మొగుణ్ణి చూసింది. "తాయారు సముద్రంలో దిగడం ఎప్పుడు నేర్చుకుందండీ?"

త్రినాథరావు ఎదురు తిరిగాడు. "ముందు మీ గుసగుసల సంగతి చెప్పండి. వీణ్ణి నా మీద నిఘాకి దింపలేదూ?"

దొరబాబు తెల్లబోయాడు. "నిఘా ఏమిటి బావా? పొత్రం పోయిందని అక్క రాస్తే వస్తూ మద్రాసులో కరెంటు గ్రైండరు కొన్నాను. రేపు లారీలో వస్తుంది. నీకు ముందే తెలియకూడదనుకున్నాం."

"మరి ఆ ఓడే ఎందుకురా?"

"చిన్నప్పుడు నువ్వు చెప్పిన కథలన్నీ ఆ ఓడవే కదా బావా."

త్రినాథరావు సిగ్గుతో తెగిన సంచీని మడతపెట్టసాగాడు.

"గ్రైండరు తాయారింట్లో దింపించు తమ్ముడూ" అంది కాంతం. "దొంగతనం అంటగట్టినందుకు ఆ మాత్రం ఇచ్చుకోవాలి. మన పొత్రం మనకి దొరికిందిగా."

శనివారం సాయంత్రం పక్కింట్లో గ్రైండరు గుర్రుమంటోంది. ఇవతల పెరట్లో త్రినాథరావు పొత్రం తిప్పుతూ చెమటలు కక్కుతున్నాడు. తాయారు గోడ మీంచి తొంగిచూసి, "అన్నయ్యగారూ, మీ పప్పు కూడా ఇలా ఇవ్వండి, రుబ్బేస్తాను" అంది.

ఆయన ఆశగా గిన్నె అందించబోయాడు.

"వద్దులే తాయారూ" అంది కాంతం వంటింట్లోంచి. "ఆయనకి ఆ పొత్రమంటే ప్రాణం. సముద్రంలో మునిగిపోతూ కూడా వదల్లేదు."