ఊరి భాషలో పోట్లాట

ఆయన కోర్టులో దుబాసీ. ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసి బతికే మనిషి కనక, సొంత మాట చెప్పాల్సి వచ్చేసరికి నాలుక మడత పడేది. కొట్టు సామాను పెట్టుకోవడానికి మీ ముందు గది కావాలని తమ్ముడు అడిగితే, అలవాటు చొప్పున "చూద్దాంలేరా" అన్నాడు. మళ్లీ అడిగేసరికి ఆ మాట కాస్తా "సరే" అయి కూర్చుంది.

ముందు గది భార్యది. వీధివైపు కిటికీ, దాని కింద ఆవిడ కుట్టుమిషను. అంత వెలుతురు లేకపోతే నల్ల గుడ్డ మీద నల్ల దారం కనపడదు.

ఈ కబురు ఇంటి భాషలో చెబితే ఆవిడ పెళ్లినాటి సంగతుల దగ్గర ఎత్తుకుంటుంది. అదే, బతకడానికొచ్చిన ఈ ఊరి భాష అయితే, బట్టలు కుట్టించుకునేవాళ్ల దగ్గర నేర్చిన నాలుగు ముక్కలే ఆవిడకు దిక్కు. తనకేమో అది రోజూ కోర్టులో మాట్లాడే భాష, గెలుపు తనదే అనుకున్నాడు.

"ఏమోయ్, ఇకనించి మనం ఊరి భాషలోనే పోట్లాడుకుందాం. పరాయి భాషలో కోపం రాదట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

"ఆ అందరికీ పెళ్లాలున్నారా?" అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ. "సరే, ఇప్పుడే కానివ్వండి. ఏదో దాస్తున్నట్టే ఉన్నారు."

ఆయన గొంతు సవరించుకుని ఊరి భాషలో ఉపన్యాసం మొదలుపెట్టాడు. కుటుంబ బాధ్యతలన్నాడు, ఉమ్మడి ప్రయోజనాలన్నాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది. ఆవిడ ఆ భాష నేర్చింది మెడలో టేపు వేసుకుని. అందులో "అయ్యో పాపం" లేదు, "పోనీలెండి" లేదు.

"అయ్యగారూ," అంది, బట్ట తెచ్చినవాడితో అన్నట్టు. "ఏం కావాలి? ఎంత కావాలి? ఎప్పటికి?"

"అంటే, అదీ..."

"ఎవరికైనా మాట ఇచ్చారా, లేదా?"

అక్కడే కొంప మునిగింది. కోర్టులో ఆ భాషలో ఆయన ఏళ్ల తరబడి ఉన్నదున్నట్టే చెప్పాడు. సాక్షి నీళ్లు నమిలితే నమిలాడనే చెప్పాలి. "చూద్దాంలే"కి ఆ భాషలో సాటి మాట వెతికాడు, దొరకలేదు. ఈలోగా వెన్ను నిటారైంది, నోరు దానంతటది తెరుచుకుంది.

"ఇచ్చాను. తమ్ముడికి. గది మొత్తం. మిషను వంటింట్లో సర్దుకుంటుందన్నాను. ఆదివారం సామాను వస్తుంది. మీకు చెప్పడానికి భయపడ్డాను."

చివరి ముక్క ఎవరూ అడగలేదు.

ఆవిడ కాలు మిషను మీద ఆగిపోయింది. ఇంటి భాషలో అయితే ఈపాటికి తిట్లు సగం అయ్యేవి, వాటి మధ్యలో "ఇంతకీ తిన్నారా?" అన్న ముక్కా వచ్చిపడేది. ఆ ముక్క కోసమే ఇన్నాళ్లూ తిట్లన్నీ విన్నానేమో అని ఆయనకు మొదటిసారి తోచింది.

"మన భాషలో తిట్టవోయ్," అన్నాడు.

"తిడతాను. ముందు పనవ్వనీండి." మరిది నంబరు నొక్కి ఫోను చేతిలో పెట్టింది. "ఊరి భాషలోనే చెప్పండి. మన భాషలో మీకు తమ్ముడొక్కడే కనిపిస్తాడు. అందులో అయితే గది కూడా కనిపిస్తుంది."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. "ఆ గది నా భార్యది. ఆమెను అడక్కుండా మాట ఇచ్చాను, తప్పు నాది. గది ఇవ్వను," అన్నాడు తడబడకుండా.

"ఎవరండీ మీరు?" అన్నాడు తమ్ముడు. "ఒకసారి మా అన్నయ్యకివ్వండి."

ఆవిడ నవ్వు బిగబట్టి, "ఆయన ఇంట్లో లేరని చెప్పండి," అంది మెల్లగా.

దుబాసీ నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "అది ఈ భాషలో నాకు రాదోయ్," అన్నాడు దీనంగా.